కార్డు తీసేస్తే అర ఖాళీ అవుతుందా?

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలోని కంప్యూటర్ సందేహాల శీర్షికలో ఒక పాఠకుడికి ఇచ్చిన జవాబు గురించి ఈ ఉత్తరం. ఆయన అడిగింది ఇది: ఫొటోలు దాచుకునే పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారాను, పాత లైబ్రరీ (ఆ సాఫ్ట్‌వేర్ ఫొటోలన్నీ దాచిన ఫోల్డర్) ఇంకా డిస్క్‌లోనే ఉంది, దాన్ని తొలగించవచ్చా, తొలగిస్తే ఎంత చోటు దొరుకుతుంది? మీ నిపుణుడు నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. పాతది ఇక అనవసరం. చెత్తబుట్టలో వేయండి. బుట్ట ఖాళీ చేయండి. ఆ లైబ్రరీ ఎంత ఉందో అంత చోటు తిరిగి వస్తుంది.

నాలుగో వాక్యం చాలా మంది విషయంలో తప్పు. మొదటి మూడు వాక్యాలు కొందరి విషయంలో ప్రమాదం. ఇలా అనడానికి నా దగ్గర కంప్యూటర్ పట్టా ఏదీ లేదు, ముప్పై ఒక్క ఏళ్లు కళాశాల గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. కానీ ఆ జవాబు అచ్చు కావడానికి మూడు నెలల ముందే, ఎవరూ సలహా ఇవ్వకుండానే, అచ్చంగా ఆ పనే చేశాను.

మా ఇంట్లోది 2014లో కొన్న మ్యాక్. డిస్క్ 256 జీబీ. అప్పట్లో ఫొటోలన్నీ ఐఫొటో అనే యాపిల్ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. 2015 ఏప్రిల్‌లో యాపిల్ దాని స్థానంలో ‘ఫొటోస్’ తెచ్చింది. మారడానికి నేను చేసిందల్లా ఒకసారి సరే అని నొక్కి కాసేపు ఎదురుచూడటం. పాత లైబ్రరీ పేరు చివర మాత్రం ‘మైగ్రేటెడ్’ అన్న ముక్క చేరి, అది అక్కడే ఉండిపోయింది. నేనూ ఉండనిచ్చాను. కొత్త రిజిస్టరు తెరిచినంత మాత్రాన పాత రిజిస్టరును ఎవరైనా తగలబెడతారా? అదో వృత్తి రోగం. మావారు ఏటా ఒకసారైనా అడిగేవారు, ఆ రెండోది ఇంకా ఎందుకని. ఉండనివ్వండి అనేదాన్ని.

మూడు నెలల కిందట డిస్క్‌లో మిగిలింది 11 జీబీ. ఏది తెరిచినా చోటు లేదన్న హెచ్చరిక అడ్డు వచ్చేది. ఇక లాభం లేదనుకుని పాత లైబ్రరీ మీద నొక్కి ఎంత ఉందో చూశాను. 88 జీబీ. కొత్త లైబ్రరీ 121 జీబీ. 11కు 88 కలిపితే 99 అవుతుందని కాగితం మీద రాసుకుని మరీ పాతదాన్ని బుట్టలో వేసి, బుట్ట ఖాళీ చేశాను. తరువాత చూస్తే ఖాళీ 28 జీబీ అని ఉంది. వచ్చింది 17. మిగతా 71 జీబీ ఏమైనట్టు?

కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెట్టాను. మర్నాడు చూశాను. అదే 28. మర్నాటి వరకు ఆగడానికి ఒక కారణం ఉంది. 2017 నుంచి వచ్చిన మ్యాక్ వ్యవస్థల్లో టైమ్ మెషీన్ అనే బ్యాకప్ ఏర్పాటు ఆన్‌లో ఉంటే, మనం తీసేసిన ఫైళ్లు ఒక రోజు పాటు డిస్క్ మీదనే ఉన్న తాత్కాలిక నకళ్లలో నిలిచి ఉండవచ్చు, అంతసేపూ చోటు విడుదల కాదు. నా 71 జీబీ సంగతి అది కాదని రెండో రోజుకు తేలిపోయింది.

అప్పుడు చేయవలసిన పని చేశాను, ముందే చేసి ఉండవలసిన పని. మొత్తం కూడాను. పాత లైబ్రరీ 88, కొత్తది 121, వ్యవస్థ, సాఫ్ట్‌వేర్లు, పత్రాలు అన్నీ కలిపి 107. మొత్తం 316. ఉన్న డిస్క్ 256, అందులోనూ 11 ఖాళీ. అంటే 245 జీబీల చోటులో 316 జీబీల సరుకు ఉందని కంప్యూటర్ ఇన్నేళ్లుగా నాకు చెబుతూ వచ్చింది, నేను నమ్ముతూ వచ్చాను. మా గ్రంథాలయంలో ఏటా పుస్తకాల తనిఖీ చేసేటప్పుడు ఒక్క పుస్తకం ఎక్కువ తేలినా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టించేదాన్ని. ఇక్కడ 71 జీబీ ఎక్కువ తేలుతుంటే కళ్లు మూసుకున్నాను.

316లోంచి 245 తీసేస్తే సరిగ్గా 71. నాకు రాని చోటు కూడా 71. అక్కడ దొరికింది తాళం చెవి.

కార్డుల కాలంలో ఒక్క పుస్తకానికి మేము మూడు కార్డులు రాసేవాళ్లం. రచయిత పేరు మీద ఒకటి, పుస్తకం పేరు మీద ఒకటి, విషయం మీద ఒకటి. మూడూ సొరుగుల్లో మూడు చోట్ల ఉండేవి, అరలో పుస్తకం ఒక్కటే. కొత్తగా చేరిన సహాయకుడొకరు ఒకసారి సొరుగుల్లో కార్డులన్నీ లెక్కపెట్టి, మన దగ్గర ఉన్న పుస్తకాలు ఇన్ని అని మూడింతల సంఖ్య చెప్పాడు. ఆ రోజు అందరం నవ్వాం. మ్యాక్‌లో ఫోల్డర్ పరిమాణం అడిగినప్పుడు కంప్యూటర్ చెప్పేది ఆ సహాయకుడి లెక్కే. ఆ ఫోల్డర్‌లో పేరున్న ఫైళ్లన్నిటినీ కూడి చెబుతుంది. అదే ఫైల్‌కు బయట ఇంకో పేరు కూడా ఉందా అని చూడదు.

ఇలా ఒకే ఫైల్‌కు రెండు పేర్లు ఉండే ఏర్పాటును హార్డ్ లింక్ అంటారు. ఇది ఫొటోల కోసం కనిపెట్టింది కాదు. 1970ల నాటి యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలోనే ఉంది, విండోస్ ఫైళ్లు దాచడానికి వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలోనూ ఉంది. ఐఫొటో నుంచి ఫొటోస్‌కు మారినప్పుడు ఒకే డిస్క్ మీద ఉన్న ఫొటోలను కొత్తది నకలు తీయదు, వాటికి తన లైబ్రరీలో ఇంకో పేరు పెట్టుకుంటుంది. లేకపోతే డిస్క్‌లో సగానికి పైగా ఫొటోలే ఉన్న వాళ్లెవరూ మారగలిగేవారు కాదు. అంటే ఆ పని చేసింది నా మేలు కోరే. యాపిల్ సహాయ పేజీల్లో ఈ సంగతి దాచకుండా రాసి ఉంది కూడా. నేను చదవలేదు. అందరికీ చదవమని చెప్పే ఉద్యోగం చేసినదాన్ని, నేను చదవలేదు.

యూనిక్స్‌లో ఫైల్‌ను తొలగించే ఆదేశానికి లోపలి పేరు ‘అన్‌లింక్’ అని మా అబ్బాయి చెప్పాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ‘చెరిపివేయి’ అనదు, ‘ముడి విప్పు’ అంటుంది. ప్రతి ఫైల్‌కు ఎన్ని పేర్లున్నాయో వ్యవస్థ ఒక అంకె రాసి పెట్టుకుంటుంది. ఒక పేరు తీసేస్తే ఆ అంకె ఒకటి తగ్గుతుంది. సున్నాకు వచ్చినప్పుడు మాత్రమే, అది కూడా ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తెరిచి పెట్టుకోనప్పుడు, చోటు విడుదలవుతుంది. నేను బుట్ట ఖాళీ చేసినప్పుడు కొన్ని వేల ఫొటోల అంకె రెండు నుంచి ఒకటికి మారింది. అంతే జరిగింది. మా అబ్బాయి ఫోనులో చెబుతుంటే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ కిటికీ తెరిచి, ఫైళ్ల పట్టిక చూపించే ఆదేశం కొట్టి చూశాను. అనుమతుల అక్షరాల పక్కనే ఆ అంకె ఉంటుంది. వరుసగా ఒకట్లు. బుట్ట ఖాళీ చేయక ముందు చూసి ఉంటే రెళ్లు కనిపించేవి, నా కాగితం మీది లెక్క అక్కడే చెదిరిపోయేది.

మరి ఆ 17 జీబీ ఎక్కడిది? నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇదే. కొంత భాగం పాత సాఫ్ట్‌వేర్ సొంత సరంజామా, అంటే దాని డేటాబేస్, చిన్న బొమ్మలు. కానీ ఎక్కువ భాగం అది కాదు. 2015 తరువాత నేను ‘ఫొటోస్’లోంచి ఎన్నో పాత ఫొటోలు తొలగించాను. మసకబారినవి, ఒకే దృశ్యానికి పది తీసినవి, కాగితాలకు తీసినవి. ప్రతిసారీ హమ్మయ్య, ఇంత చోటు మిగిలింది అనుకున్నాను. మిగలలేదు. కొత్త లైబ్రరీలోని పేరు పోయింది, పాత లైబ్రరీలోని పేరు అలాగే ఉంది, కాబట్టి ఫొటో కూడా అలాగే ఉంది. అన్నేళ్లుగా నేను చేసిన శుభ్రమంతా, ఐఫొటో కాలపు ఫొటోల వరకు, డిస్క్ దృష్టిలో జరగనే లేదు. పాత లైబ్రరీని తీసేసిన రోజే అవన్నీ ఒక్కసారిగా పోయాయి.

ఒక్కసారిగా పోవడంలో ఒక నష్టం కూడా ఉంది. వాటిలో పొరపాటున తీసేసినవి ఏవైనా ఉండి ఉంటే, పాత లైబ్రరీ వాటికి చివరి ఆశ్రయం. అందులో వెతకకుండానే పారేశాను. నా అదృష్టం కొద్దీ బయటి డిస్క్‌లో బ్యాకప్ ఉంది, తరువాత తీరికగా చూసుకున్నాను, కావలసినవి నాలుగు కనబడ్డాయి. బ్యాకప్ లేని వాళ్లకు మీ నాలుగు వాక్యాల జవాబు ఆ అవకాశం ఇవ్వదు.

బయటి డిస్క్ మాట వచ్చింది కాబట్టి, మీ నిపుణుడికి న్యాయం చేయడానికి ఇది చెప్పాలి. హార్డ్ లింక్ ఒక డిస్క్ గడప దాటదు. పాత లైబ్రరీ, కొత్త లైబ్రరీ వేరు వేరు డిస్క్‌ల మీద ఉంటే రెండూ నిజమైన నకళ్లే. ఒకే డిస్క్ మీద పంచుకుంటున్న రెండు లైబ్రరీలను మామూలుగా లాగి బయటి డిస్క్‌లోకి కాపీ చేసినా అంతే, అక్కడ రెండూ విడివిడిగా తమ పూర్తి చోటు ఆక్రమిస్తాయి. నా బయటి డిస్క్‌లో సరిగ్గా అదే జరిగింది. కంప్యూటర్‌లో 88 అని అబద్ధం చెప్పిన లైబ్రరీ అక్కడికి వెళ్లి నిజంగా 88 అయి కూర్చుంది. అక్కడ పాతది తీసేస్తే మీ నాలుగో వాక్యం అక్షరాలా నిజం. ఏ సందర్భంలో ఏది అన్నదే జవాబులో లేనిది.

ఇక మొదటి మూడు వాక్యాల ప్రమాదం. ఇది మా తమ్ముడి కథ. అతడు వాడే సాఫ్ట్‌వేర్ వేరు, పేరు ఇక్కడ అవసరం లేదు. పాతదాన్నుంచి కొత్తదానికి మారినప్పుడు అతడి ఫొటోలన్నీ కొత్తదానిలో చక్కగా కనిపించాయి. ‘దిగుమతి పూర్తయింది’ అని ఆ సాఫ్ట్‌వేర్ అన్నది. దిగుమతి అంటే సరుకు ఇంట్లోకి వచ్చిందనే కదా ఎవరైనా అనుకుంటారు. అతడూ అలాగే అనుకుని, పాత ఫోల్డర్ తీసేశాడు, బుట్ట ఖాళీ చేశాడు. చోటు మాత్రం నిజంగానే బోలెడంత దొరికిందట. రెండు రోజుల తరువాత ఒక ఫొటో పెద్దది చేయబోతే, అసలు ఫైల్ దొరకడం లేదన్న సందేశం వచ్చింది. ఏ ఫొటో నొక్కినా అదే.

ఆ సాఫ్ట్‌వేర్ ఫొటోలను తనలోకి తీసుకోలేదు. అవి ఎక్కడ ఉన్నాయో చిరునామా రాసుకుంది, చూపించడానికి చిన్న బొమ్మలు తయారు చేసుకుంది. చాలా ఫొటో సాఫ్ట్‌వేర్లు ఇలాగే పనిచేస్తాయి, కొన్నిటిలో లోపలికి కాపీ చేయాలా వద్దా అన్నది ఒక సెట్టింగు మాత్రమే. మ్యాక్ ఫొటోస్‌లో కూడా ఆ సెట్టింగు ఉంది. నా విషయంలో కార్డు చించాను, పుస్తకం అరలోనే ఉంది. తమ్ముడి విషయంలో పుస్తకాన్నే పారేశాడు, సొరుగులో కార్డు మిగిలింది. మా అమ్మ వరండాలో కూర్చుని పత్రిక చదువుతున్న ఫొటో ఒకటి అతడి దగ్గరే ఉండేది. ఇప్పుడు అది తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్దదిగా ఉంది. పెద్దది చేస్తే అమ్మ ముఖం గళ్లుగళ్లుగా విడిపోతుంది. బ్యాకప్ ఎందుకు లేదని అతడిని అడగలేదు. అడిగి లాభం లేదు, అప్పటికే ఇంట్లో అందరూ అడిగేశారు.

మావారి విండోస్ కంప్యూటర్‌లో ఇంకో రకం. ఆయన ఏళ్ల తరబడి పికాసా అనే ఫొటో సాఫ్ట్‌వేర్ వాడారు. గూగుల్ దాన్ని 2016లో విరమించింది. పికాసా ఫొటోలను ఎక్కడికీ తరలించదు, ఉన్న ఫోల్డర్లలోనే చూపిస్తుంది, కాబట్టి అక్కడ ‘పాత లైబ్రరీ’ అని తీసేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. కానీ ఫొటో దిద్ది సేవ్ చేసినప్పుడల్లా అసలు ఫొటోను అదే ఫోల్డర్‌లో ఒక దాగిన ఫోల్డర్‌లోకి పంపేది. వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాక కూడా ఆ దాగిన ఫోల్డర్లు అక్కడే ఉంటాయి, మామూలుగా కనిపించవు. సేవ్ చేయకుండా వదిలిన దిద్దుబాట్లు మాత్రం ఒక చిన్న దాగిన పాఠ్య ఫైల్‌లో రాసి ఉంటాయి. వాటిని పికాసా తప్ప ఇతర సాఫ్ట్‌వేర్లు సాధారణంగా పట్టించుకోవు. ఆయన ఒంకర సరిచేసిన ఫొటోలన్నీ కొత్తదానిలో మళ్లీ ఒంకరగా నిలబడ్డాయి. దాగిన ఫోల్డర్లు తొలగిస్తే చోటు వస్తుంది, కానీ పోయేవి దిద్దని అసళ్లు. ఆయన తొలగించనన్నారు. ఏటా నన్ను అడిగిన మనిషే.

ఇంతకీ నాకు చోటు ఎక్కడ దొరికిందో చెప్పకపోతే ఈ ఉత్తరం కూడా ఆ జవాబు లాంటిదే అవుతుంది. ఫొటోస్‌లో తీసేసినవి వెంటనే పోవు, ‘ఇటీవల తొలగించినవి’ అన్న చోట 30 రోజులు ఉంటాయి. దాన్ని ఖాళీ చేస్తే 6 జీబీ వచ్చింది. కంప్యూటర్ చెత్తబుట్ట వేరు, ఇది వేరు. ఒకటి ఖాళీ చేస్తే రెండోది ఖాళీ కాదు.

అసలు దొంగలు వీడియోలు. వేల ఫొటోల మీద కళ్లు కాయలు కాసేలా కూర్చుని ఒక్కొక్కటీ తీసేయడం నాకు అలవాటు. ఆ శ్రమకు దొరికేది కొన్ని వందల ఎంబీలు. ఐఫోను సెట్టింగుల్లోనే రాసి ఉంటుంది, వీడియోను కుదించి దాచే హెచ్‌ఈవీసీ పద్ధతిలో మామూలు 1080 వీడియో నిమిషానికి సుమారు 60 ఎంబీ, 4కె వీడియో సెకనుకు 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి 400 ఎంబీ. మా మనవడు ఎప్పుడో నా ఫోనులో ఆ రెండోది ఎంచి పెట్టాడు. నా లైబ్రరీలో 14 నిమిషాల వీడియో ఒకటి ఉంది. ఫోను ఆపడం మరచి బల్ల మీద పెట్టాను. 14 నిమిషాల పాటు బల్ల అంచు, గోడ, మధ్యలో ఒకసారి నా మోచేయి. అయిదున్నర జీబీ. పాత లైబ్రరీ మొత్తం తీసేసి సంపాదించిన చోటులో మూడో వంతు నా మోచేయి దగ్గరే ఉంది! ఇలాంటివి తీసేసి, ఉంచుకోదగిన పెద్ద వీడియోలను రెండు బయటి డిస్క్‌లలోకి మార్చాక మరో 31 జీబీ వచ్చింది. ఇప్పుడు ఖాళీ 65. కాగితం మీద రాసుకున్న 99కు ఇంకా దూరమే, కానీ హెచ్చరికలు ఆగాయి.

క్లౌడ్‌లో పెట్టి కంప్యూటర్‌లో చిన్న ప్రతులు మాత్రమే ఉంచుకునే మార్గం కూడా ఉంది. మంచిదే. కాకపోతే ఐక్లౌడ్ ఫొటోస్ వంటి వాటిలో అది నకలు కాదు, అదే లైబ్రరీ అన్ని పరికరాల్లోనూ కనబడటం. క్లౌడ్‌లో ఉంది కదా అని కంప్యూటర్‌లో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, ఫోనులోనూ పోతుంది. దీన్ని కూడా బ్యాకప్ అని మీ శీర్షికలో లోగడ ఒకసారి రాశారు. ఆ కత్తిరింపు నా దగ్గర ఉంది.

మీ నిపుణుడిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నాలుగు వాక్యాల చోటిస్తే ఎవరైనా నాలుగు వాక్యాలే రాస్తారు. ఎదురు ప్రశ్న వేయడానికి ఆ చోటు చాలదు. పాతది, కొత్తది ఒకే డిస్క్ మీద ఉన్నాయా? కొత్త సాఫ్ట్‌వేర్ ఫొటోలను లోపలికి తీసుకుందా, చిరునామాలే రాసుకుందా? వేరే డిస్క్‌లో ఇంకో నకలు ఉందా, దాన్ని తెరిచి చూశారా? మా దగ్గర ఎవరైనా వచ్చి ఈ పుస్తకాలు తీసేయవచ్చా అని అడిగితే, రిజిస్టరు తెరవకుండా అవుననీ కాదనీ చెప్పేవాళ్లం కాదు. పాత లైబ్రరీని తీసేసే ముందు దాని పేరు మార్చి ఒక వారం ఆగి, కొత్తదానిలో ప్రతి ఏడాది నుంచి పది ఫొటోలు పూర్తి పరిమాణంలో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. పేరు మార్చగానే ఫొటోలు తెరుచుకోవడం మానేస్తే మా తమ్ముడి సంగతే మీదీ అని తెలిసిపోతుంది, అప్పుడు పాత పేరు తిరిగి పెట్టేస్తే సరి.

సవరణ వేస్తే దయచేసి ఆ శీర్షికలోనే వేయండి, లోపలి పేజీ మూలన కాదు. అంతకన్నా ముందు చేయవలసింది ఒకటి ఉంది. ప్రశ్న అడిగిన పాఠకుడు ఇప్పటికే లైబ్రరీని బుట్టలో వేసి ఉండవచ్చు, బుట్ట ఇంకా ఖాళీ చేసి ఉండకపోవచ్చు. ఈ ఉత్తరం అచ్చయ్యే దాకా ఆగమని ఆయనకు చెప్పే వీలు నాకు లేదు. ఆయన చిరునామా మీ దగ్గర ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత గ్రంథపాలకురాలు